పదిలో మీది ఎన్నో మెట్టు?

సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెన ఒకటి ఊహించుకోండి. పై మెట్టు అంటే మీకు దక్కగలిగిన అన్నిటికంటే మంచి జీవితం. అడుగున ఉన్నది అన్నిటికంటే అధ్వాన్నమైనది. ఇప్పుడు మీరు ఎన్నో మెట్టు మీద ఉన్నారు?

ఈ ప్రశ్నను 1960ల్లో హ్యాడ్లీ కాంట్రిల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తయారుచేశారు. ఏటా మార్చి 20న, అంతర్జాతీయ ఆనంద దినోత్సవం పేరుతో పేపర్లలో కనిపించే దేశాల ర్యాంకులన్నీ ఈ ఒక్క ప్రశ్నకు జనం ఇచ్చుకున్న మార్కుల సగటే. 2025లో 147 దేశాల్లో మనకు 118వ ర్యాంకు వచ్చింది. ఫిన్లాండ్ వరసగా ఎనిమిదోసారి ఫస్ట్ వచ్చింది.

ర్యాంకులు రాగానే మన దగ్గర రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ‘చూశారా మన బతుకు’ అని ఒకాయన నిట్టూరుస్తాడు. ‘చలికి ముడుచుకుని కూర్చునేవాళ్లు ఆనందంగా ఉన్నారట, బోనాలకీ బతుకమ్మకీ ఊరు ఊరంతా రోడ్డెక్కే మనం లేమట’ అని ఇంకొకాయన కొట్టిపారేస్తాడు. ఆ ర్యాంకు నవ్వుల లెక్క అనే ఇద్దరూ అనుకుంటున్నారు. నిజానికది ఎవరి జీవితానికి వాళ్లు వేసుకున్న మార్కుల లెక్క. నవ్వుల లెక్క కావాలంటే వేరే ప్రశ్న అడగాలి. నిన్న మీ రోజు ఎలా గడిచింది? ఎన్నిసార్లు మనసారా నవ్వారు? ఎంతసేపు విసుక్కున్నారు? ఎంతసేపు టెన్షన్ పడ్డారు?

హైదరాబాద్ గచ్చిబౌలిలో ఏ ఆఫీసు ముందైనా టీ బండి దగ్గర నిలబడి ఈ రెండు ప్రశ్నలూ అడిగి చూడండి. మొదటిదానికి ‘ఏడు... ఏడున్నర వేసుకోండి’ అంటారు. సొంత ఫ్లాట్, కారు, పిల్లలకు మంచి స్కూలు, ఊళ్లో అమ్మానాన్నలకు ఇన్సూరెన్స్ ఉన్నాక ఏడుకి తక్కువెందుకు వేసుకుంటారు? రెండో ప్రశ్న దగ్గర మాత్రం కాసేపు తడుముకుంటారు. పొద్దున ట్రాఫిక్, మధ్యాహ్నమంతా మీటింగులు, రాత్రి పదింటికి అమెరికా వాళ్లతో కాల్. నిన్న నవ్విందెప్పుడో చప్పున గుర్తు రాదు.

సంతోషం మీద మనం చేసే వాదనల్లో సగం, ఒకరు మొదటి ప్రశ్న గురించీ ఇంకొకరు రెండో ప్రశ్న గురించీ మాట్లాడటం వల్ల వచ్చేవే. నాకు అనిపించేది ఇంకో మాట కూడా ఉంది. ఈ ఊళ్లో మనలో చాలామందిమి మొదటి ప్రశ్నకు మంచి జవాబు చెప్పుకోవడం కోసం రెండోదాన్ని తాకట్టు పెట్టేస్తున్నాం. పెట్టినట్టు కూడా తెలియకుండా.

ఒక రోజును విప్పి చూస్తే

2004లో డేనియల్ కానెమన్, ఆయన తోటి పరిశోధకులు అమెరికాలోని టెక్సస్‌లో ఉద్యోగాలు చేసుకునే 909 మంది మహిళలతో ఒక పని చేయించారు. ముందురోజును ఘట్టాలుగా విడదీసి, ఏ పని చేస్తున్నప్పుడు మనసు ఎలా ఉందో రాయమన్నారు. ఇష్టమైనవాళ్లతో సన్నిహితంగా గడిపిన సమయం, నలుగురితో కలిసి కూర్చున్న సమయం, విశ్రాంతి పై వరసలో వచ్చాయి. ఆఫీసు పని, ఆఫీసుకు వెళ్లి రావడం అట్టడుగున పడ్డాయి. అన్నిటికంటే కిందికి జారింది పొద్దుటి ప్రయాణం.

అందులోనే ఇంకో సంగతి బయటపడింది. పిల్లల పనులు చూసుకోవడం కంటే టీవీ చూడటానికే ఎక్కువ మార్కులు పడ్డాయి. ఇది వినగానే మన అమ్మమ్మలు నొచ్చుకుంటారేమో గానీ, పొద్దున ఏడింటికి స్కూలు వ్యాన్ హారన్ కొడుతుంటే ఒక చేత్తో జడ వేస్తూ ఇంకో చేత్తో టిఫిన్ బాక్సు మూత పెట్టే ఏ తల్లినైనా అడగండి, ఔననే అంటుంది. అదే తల్లిని మీ జీవితంలో అన్నిటికంటే విలువైనదేమిటని అడిగితే, వ్యాను ఎక్కిన పిల్లవైపే చూపిస్తుంది. ఆ రెండు జవాబుల్లో ఏదీ అబద్ధం కాదు. ప్రశ్నలు వేరు, అంతే.

డబ్బు సంగతి

‘డబ్బుతో సంతోషం రాదండీ’ అనే మాట ఎక్కువగా డబ్బున్నవాళ్ల నోటే వింటాం. లెక్కలు మాత్రం వాళ్ల పక్షాన లేవు.

ఈ లెక్కల కథ కాస్త మలుపులు తిరిగింది. 2010లో కానెమన్, ఏంగస్ డీటన్ కలిసి అమెరికన్ల నుంచి సేకరించిన నాలుగున్నర లక్షల జవాబుల్ని పరిశీలించారు. నిచ్చెన మీద వేసుకునే మార్కులు ఆదాయంతోపాటు పెరుగుతూనే ఉన్నాయి. రోజువారీ సంతోషం మాత్రం ఏడాదికి సుమారు 75,000 డాలర్ల దగ్గర ఆగిపోయింది. ఈ ‘75 వేల డాలర్ల’ మాట ప్రపంచమంతా తిరిగింది, ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. 2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ అనే పరిశోధకుడు 33,000 మందికి పైగా ఉద్యోగుల ఫోన్లకు ఏదో ఒక వేళలో ‘ఈ క్షణాన మీకెలా ఉంది?’ అని ప్రశ్న పంపించి చూస్తే, ఆ ఆగిపోవడం ఎక్కడా కనపడలేదు. మామూలుగా అయితే ఇలాంటిచోట ఇద్దరు పండితులు ఏళ్ల తరబడి కొట్లాడుకుంటారు. కానెమన్, కిల్లింగ్స్‌వర్త్ మాత్రం బార్బరా మెల్లర్స్ అనే మరో పరిశోధకురాలిని మధ్యవర్తిగా పెట్టుకుని కలిసి కూర్చున్నారు. 2023లో వాళ్లు ముగ్గురూ తేల్చింది ఇది: చాలామంది విషయంలో ఆదాయం పెరిగేకొద్దీ సంతోషమూ పెరుగుతూనే ఉంటుంది. అందరికంటే దిగులుగా ఉండే 15 నుంచి 20 శాతం మందికి మాత్రం ఏడాదికి లక్ష డాలర్లు దాటాక ఇంకెంత వచ్చినా ఆ దిగులు తగ్గదు. చెడిపోయిన కాపురం, పోయిన మనిషి, మనసుకు పట్టిన జబ్బు లాంటివి ఒక హద్దు దాటాక డబ్బు మాట వినవు.

పెరుగుతుంది సరే, ఏ లెక్కన పెరుగుతుంది? అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఎన్ని వేలు పెరిగిందన్నదాని కంటే, ఎన్నింతలైందన్నదే లెక్కకు వస్తుంది. నెలకు 20,000 వచ్చే సెక్యూరిటీ గార్డు జీతం 40,000 అయితే అతనికి కలిగే ఊరట 2 లక్షలు వచ్చే మేనేజరుకు కలగాలంటే, దాదాపు ఇంకో 2 లక్షలు రావాలి. అదే 20,000 మేనేజరు చేతిలో పెడితే హైక్ తక్కువైందని మొహం ముడుచుకుంటాడు. కాబట్టి నెలాఖరుకు అద్దె కట్టడానికి వెతుక్కునే ఇంట్లో డబ్బు గురించి వేదాంతం చెప్పడం అన్యాయం. ఆ ఇంటికి సంతోషం చాలావరకు రూపాయల్లోనే వస్తుంది.

‘లేనివాళ్లే హాయిగా ఉంటారు, మనకే ఈ బాధలన్నీ’ అనే ఇంకో మాట ఉంది. 2001లో రాబర్ట్ బిస్వాస్-డీనర్, ఎడ్ డీనర్ అనే తండ్రీకొడుకులు కలకత్తా మురికివాడల్లో, ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్లూ సెక్స్ వర్కర్లూ కలిపి 83 మందితో మాట్లాడి రాసిన అధ్యయనం దీనికి జవాబు చెబుతుంది. కుటుంబం, స్నేహితులు, తమ గుణగణాలు అని విడివిడిగా అడిగినప్పుడు వాళ్లు తృప్తిగానే ఉన్నామన్నారు. మొత్తం జీవితం గురించి అడిగినప్పుడు మాత్రం జవాబు మధ్య గీతకు కాస్త కిందే పడింది. మనుషుల తోడు పేదరికపు దెబ్బను మెత్తబరుస్తుంది, మాన్పదు.

పక్క టవర్

ఆ మధ్య తెల్లాపూర్‌లో తెలిసినవాళ్ల గృహప్రవేశానికి వెళ్లాను. పంతొమ్మిదో అంతస్తు. పాలు పొంగాయి, సత్యనారాయణ వ్రతం అయింది, భోజనాలు అయ్యాయి. తాంబూలం సంచి పట్టుకుని బాల్కనీలోకి వస్తే ఇంటాయన ఎదురుగా లేస్తున్న టవర్ చూపించాడు. ‘అది నలభై పైన ఫ్లోర్లట అన్నా. ఫ్లోర్‌కి రెండే ఫ్లాట్లు. మేం బుక్ చేసినప్పుడు ఇంకా లాంచ్ కాలేదు’ అన్నాడు, గొంతు తగ్గించి, వాళ్లావిడ వినకుండా. ఇరవై ఏళ్ల లోనుతో కొనుక్కున్న ఇంట్లో మొదటి రోజది. గుమ్మానికి కట్టిన మామిడాకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

ఆయన్ని తప్పు పట్టడానికేం లేదు, మనిషి మనసు కొలిచే తీరే అంత. 1998లో సారా సోల్నిక్, డేవిడ్ హెమెన్‌వే హార్వర్డ్‌లో ఒక సర్వే చేశారు. రెండు లోకాలు ఇచ్చి ఒకటి ఎంచుకోమన్నారు. మొదటి లోకంలో మీ ఆదాయం 50,000 డాలర్లు, మిగతా అందరిదీ 25,000. రెండోదాంట్లో మీది లక్ష, మిగతా అందరిదీ రెండు లక్షలు. ధరలు రెండుచోట్లా ఒకటే. సుమారు సగం మంది మొదటిదే కావాలన్నారు. చేతికి వచ్చేది సగమైనా ఫరవాలేదు, పక్కవాడికంటే పైన ఉంటే చాలన్నమాట.

2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం అత్యధికంగా 100.75 కోట్లు పలికింది. ఆ వార్త వచ్చిన మర్నాడు నగరంలోని పాత కాలనీల్లో, తమ ఇంటి గోడలో ఒక్క ఇటుక కూడా కదలకపోయినా, చాలామందికి తాము ఉన్నట్టుండి బీదవాళ్లయిపోయినట్టు అనిపించి ఉంటుంది. రిచర్డ్ ఈస్టర్లిన్ అనే ఆర్థికవేత్త 1974లోనే ఈ తిరకాసును పట్టుకున్నారు. ఒక దేశంలో ఒక సమయాన చూస్తే ఉన్నవాళ్లు లేనివాళ్లకంటే సంతోషంగా కనిపిస్తారు. కానీ అమెరికా మొత్తం దశాబ్దాల తరబడి ధనవంతమవుతూ వచ్చినా, జనం చెప్పుకునే సంతోషం అంత పెరగలేదు. అందరూ కలిసి ఒక మెట్టు ఎక్కితే ఎవరూ ఎక్కినట్టు అనిపించదు. దీని మీద ఆర్థికవేత్తల మధ్య వాదన ఇంకా నడుస్తూనే ఉంది గానీ, మన అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నిలబడి చూసినవాళ్లకు ఈస్టర్లిన్ చెప్పింది కొత్తగా ఏమీ అనిపించదు. మొదటి ఎస్‌యూవీ వచ్చినప్పుడు అందరూ చుట్టూ చేరారు. ఇప్పుడు పార్కింగ్ చాలడం లేదని గొడవ.

పోలిక ఎప్పుడూ పైకే చూడాలని లేదు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ వీడియోలు చూసి అథ్లెట్ల మొహాల్లో ఆనందానికి మార్కులు వేయిస్తే, రజతం గెలిచినవాళ్లకంటే కాంస్యం గెలిచినవాళ్లే ఎక్కువ ఆనందంగా కనిపించారు. ఈ అధ్యయనం 1995లో వచ్చింది. రజతం వచ్చినవాళ్లకు చేజారిన స్వర్ణం గుర్తొస్తుంది. కాంస్యం వచ్చినవాళ్లకు ఉత్త చేతులతో వెళ్లిపోయిన నాలుగో మనిషి గుర్తొస్తాడు. పైగా చాలా ఆటల్లో రజతం చివరి మ్యాచ్ ఓడితే వస్తుంది, కాంస్యం చివరి మ్యాచ్ గెలిస్తే వస్తుంది. రియోలో ఫైనల్ ఓడి రజతం, టోక్యోలో ఆఖరి మ్యాచ్ గెలిచి కాంస్యం తెచ్చిన మన సింధుకు ఈ రెండూ తెలుసు.

అలవాటు పడేవి, పడనివి

పోలిక తర్వాత రెండో చిక్కు అలవాటు. లాటరీ గెలిచినవాళ్లూ ప్రమాదంలో కాళ్లు చచ్చుబడ్డవాళ్లూ ఏడాది తిరిగేసరికి ఒకేలా సంతోషంగా ఉంటారని మోటివేషన్ స్పీచుల్లో చెబుతుంటారు. 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం చేసిన ఆ అధ్యయనంలో ఆ మాట లేదు. 22 మంది లాటరీ విజేతలు మామూలు వాళ్లకంటే పెద్ద సంతోషంగా ఏమీ లేరు, చిన్న చిన్న సరదాలు వాళ్లకు కాస్త చప్పబడ్డాయి కూడా. అంతవరకు నిజమే. ప్రమాదానికి గురైన 29 మంది మాత్రం మామూలు వాళ్లకంటే స్పష్టంగా తక్కువ సంతోషంగా ఉన్నారు. మనం ఊహించుకునేంత కుంగిపోలేదు, అంతే. స్పీచుల్లో ఈ తేడా ఎందుకు ఎగిరిపోతుందంటే, ‘ఏం జరిగినా ఫరవాలేదు’ అనే మాటకు చప్పట్లు ఎక్కువ పడతాయి.

మంచికి తొందరగా అలవాటు పడతాం. కొత్త ఫోను, కొత్త సోఫా, ప్రమోషన్‌తో వచ్చిన హోదా కొన్నాళ్లకే ఇంట్లో సామానులా కలిసిపోతాయి. చెడు అన్నిటికీ అలా అలవాటు పడం. జర్మనీలో వేలమందిని ఏళ్ల తరబడి వెంటాడిన సర్వేల్లో రిచర్డ్ లూకస్ బృందం గమనించిందేమిటంటే, ఉద్యోగం పోయినవాళ్లకు మళ్లీ ఉద్యోగం దొరికాక కూడా జీవితం మీద తృప్తి పూర్తిగా మునుపటి స్థాయికి చేరలేదు. లేఆఫ్ మెయిల్ అందుకున్నవాళ్లకు ఇది అధ్యయనం చెప్పాల్సిన పనిలేదు. ఆఫీసు బ్యాడ్జి వెనక్కి ఇచ్చేసి, ఆ సంగతి ఇంట్లో మామగారికి తెలియకుండా పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయల్దేరిన రోజులు కొత్త ఆఫర్ లెటర్‌తో చెరిగిపోవు.

రోజువారీ ప్రయాణానికి కూడా మనం అలవాటు పడం. ఎందుకో ఆలోచిస్తే తెలుస్తుంది. సోఫా రోజూ ఒకేలా ఉంటుంది కాబట్టి మనసు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ట్రాఫిక్ రోజుకో రకంగా ఉంటుంది. ఇవాళ బయోడైవర్సిటీ జంక్షన్‌లో నీళ్లు నిలుస్తాయి, రేపు ఫ్లైఓవర్ మీద కారు ఆగిపోతుంది. రోజూ కొత్తగా విసిగించేదానికి మనసు మొద్దుబారదు.

కోరిక వేరు, రుచి వేరు

ఇంకో ముడి మెదడులోనే ఉంది. డోపమైన్‌ను ‘ఆనంద రసాయనం’ అని రాసేస్తుంటారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ ఎలుకల మీద చేసిన పరిశోధనలు ఇంకో రకంగా చెబుతాయి. డోపమైన్ దాదాపు లేకుండా చేసిన ఎలుకలు తిండి వెతుక్కుని తినవు. కానీ నోట్లో తీపి నీళ్ల చుక్క వేస్తే ఇష్టంగా చప్పరిస్తాయి. అంటే రుచిని ఆస్వాదించడం పోలేదు, దానికోసం పాకులాడటం పోయింది. డోపమైన్ పని ముఖ్యంగా ఈ పాకులాట దగ్గరే. కావాలనిపించడం, దొరికాక బాగుండటం అనేవి మెదడులో రెండు వేర్వేరు ఏర్పాట్లు.

రాత్రి పన్నెండున్నరకు రీల్స్ చూస్తూ పడుకున్న ఎవరినైనా ‘బాగుందా?’ అని అడగండి. ‘ఏం బాగుండటం, ఊరికే’ అంటారు. వేలు మాత్రం పైకి జరుపుతూనే ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టినప్పుడున్న ఉత్సాహం పార్శిల్ విప్పేటప్పటికి సగమైపోవడం కూడా ఇదే బాపతు. మనం గట్టిగా కోరుకున్నంత మాత్రాన అది మనకు సంతోషాన్నిస్తుందని రుజువేం లేదు. కోరికను నమ్మడం మానేయమని అనను. సాక్షిగా పిలిచినప్పుడు మాత్రం ఇంకో సాక్షిని కూడా అడగాలి: ఇలాంటిది కిందటిసారి దొరికినప్పుడు నెల తర్వాత ఎలా ఉంది?

బెంచీ

నాంపల్లి నుమాయిష్ మొదలైన 1938లోనే అమెరికాలో ఒక అధ్యయనం కూడా మొదలైంది. 268 మంది హార్వర్డ్ విద్యార్థుల్ని, బోస్టన్ పేదవాడల్లో పెరిగిన 456 మంది అబ్బాయిల్ని ఎంచుకుని, వాళ్లు ముసలివాళ్లయ్యేదాకా రక్తపరీక్షలు, ఇంటర్వ్యూలు, ప్రశ్నపత్రాలతో వెంటాడారు. ఇప్పుడు వాళ్ల పిల్లల మీద నడుస్తోంది. అందులో బాగా పేరొచ్చిన ఫలితం: 80 ఏళ్ల వయసులో ఎవరు ఆరోగ్యంగా ఉంటారో 50 ఏళ్లప్పటి కొలెస్ట్రాల్ కంటే, ఆ వయసులో తమ బంధాల పట్ల వాళ్లకున్న తృప్తే బాగా చెప్పగలిగింది.

ఇలాంటి ఫలితాన్ని కాస్త జాగ్రత్తగానే పట్టుకోవాలి. ఆరోగ్యంగా, సరదాగా ఉండేవాళ్ల చుట్టూ నలుగురూ చేరతారు కూడా. ఏది ముందో, ఏది వెనకో పూర్తిగా విడదీయలేం. అయినా ఇన్ని దేశాల్లో, ఇన్ని రకాలుగా అడిగినా మనుషుల తోడు అనే జవాబు పైకి తేలుతూనే ఉంది.

మా కాలనీ పార్కులో సాయంత్రం ఆరింటికి ఒక సిమెంటు బెంచీ మీద నలుగురు రిటైరైన పెద్దమనుషులు చేరతారు. ఒకాయన ఆర్టీసీలో చేశారు, ఒకాయన లెక్కల మాస్టారు, ఇంకో ఇద్దరు బ్యాంకు. డీఏ బకాయిల దగ్గర మొదలై, కోడళ్ల దగ్గరికి రాకుండా జాగ్రత్తపడుతూ, రాజకీయాల దగ్గర గొంతులు లేస్తాయి. మాస్టారు ‘మీతో మాట్లాడటం నాదే బుద్ధితక్కువ’ అని లేచి నాలుగడుగులు వేస్తారు. ఆర్టీసీ ఆయన ‘కండువా మర్చిపోయారు సార్’ అని పిలుస్తారు. మళ్లీ వచ్చి కూర్చుంటారు. ఒకరు రెండు రోజులు రాకపోతే మిగతావాళ్లు ఇంటికి ఫోన్ చేస్తారు. ఆ బెంచీకి సభ్యత్వం లేదు, వాట్సాప్ గ్రూపు లేదు. ఆ పక్కనే లోపల క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ ఉన్న గేటెడ్ కమ్యూనిటీలో అదే వేళకు లాన్ ఖాళీగా ఉంటుంది.

దగ్గరివాళ్ల తోడే కాదు, ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఎంతో కొంత పనికొస్తారు. చికాగో లోకల్ రైళ్లలో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ ఒక ప్రయోగం చేశారు; 2014లో వచ్చింది. పక్కన కూర్చున్న కొత్తమనిషితో మాట్లాడితే ప్రయాణం ఇబ్బందిగా గడుస్తుందని జనం అనుకున్నారు. మాట్లాడించి చూస్తే, మౌనంగా కూర్చున్నవాళ్లకంటే వాళ్లకే ప్రయాణం బాగా గడిచింది. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే మెట్రోలో పొద్దున తొమ్మిదింటికి నిలబడటానికే చోటుండదు కాబట్టి దీన్ని అక్కడ పరీక్షించమని నేను సలహా ఇవ్వను. మధ్యాహ్నం ఖాళీ బోగీలో అయితే నష్టం లేదు.

తృప్తి ఎవరికి చెబుతున్నాం

ఇక తృప్తి. మన దగ్గర ఈ మాటకు ఎంత గౌరవం ఉందో, దాన్ని అడ్డం పెట్టుకుని జరిగే అన్యాయం కూడా అంతే ఉంది. ‘ఉన్నదాంట్లో సర్దుకోవాలమ్మా’ అని కోడలికి చెబుతాం, కొడుక్కి చెప్పం. కాంట్రాక్ట్ ఉద్యోగికి చెబుతాం, కాంట్రాక్టరుకు చెప్పం.

అమర్త్య సేన్ ఒక పాత లెక్కను బయటకు తీశారు. బెంగాల్ కరువు వచ్చిన మరుసటి ఏడాది, 1944లో, కలకత్తా దగ్గర సింగూరులో ఒక ఆరోగ్య సర్వే జరిగింది. భార్య పోయిన మగవాళ్లలో 48.5 శాతం మంది తమ ఆరోగ్యం బాగాలేదనో అంతంతమాత్రమనో చెప్పారు. భర్త పోయిన ఆడవాళ్లలో అలా చెప్పినవాళ్లు 2.5 శాతమే. ఆ ఆడవాళ్లు అంత ఆరోగ్యంగా ఉన్నారని కాదు. బాగాలేదని చెప్పుకునే హక్కు తమకుందనే ఊహ కూడా వాళ్లకు లేకుండా చేశాం. అందుకే ఎవరైనా ‘నాకేం కొదవ లేదు’ అన్నప్పుడు, ఆ మాట కడుపు నిండి వచ్చిందో అడగడం మానేసి వచ్చిందో చూడాలి.

ఇంకో రకం గందరగోళం కూడా వదిలించుకోవాలి. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి చచ్చిపోవడం, బతకడం దండగ అనిపించడం తృప్తి లేకపోవడం వల్ల వచ్చేవి కావు. అది డిప్రెషన్ కావచ్చు, దానికి వైద్యం ఉంది. ‘నీకేం తక్కువ?’ అని అలాంటి మనిషిని అడగడం, జ్వరం వచ్చినవాణ్ని నీకేం తక్కువని అడగడమే. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇవన్నీ పక్కన పెట్టాక మిగిలే అసలైన తృప్తి ఏమిటి? తైత్తిరీయ ఉపనిషత్తులో ఆనందవల్లి అనే భాగంలో ఆనందాన్ని కొలిచే ప్రయత్నం ఉంది, అదీ మెట్లుమెట్లుగా. మంచి వయసు, చదువు, బలం ఉండి, భూమ్మీది సంపదంతా తనదే అయిన యువకుడి ఆనందాన్ని ఒక్కటిగా తీసుకుంటుంది. అక్కణ్నుంచి గంధర్వులు, పితృదేవతలు, దేవతలు, ఇంద్రుడు అంటూ మెట్టు మెట్టుకూ నూరింతలు చేసుకుంటూ పోతుంది. విశేషమేమిటంటే, ఆ యువకుణ్ని దాటాక ప్రతి మెట్టు దగ్గరా ఆగి ఒకే మాట మళ్లీ మళ్లీ చెబుతుంది: వేదం తెలిసి, కోరిక దెబ్బ తగలనివాడికి కూడా ఇంతే ఆనందం. మొదటి మెట్టు మీదున్న యువకుణ్ని మాత్రం బంగారంలాంటి ఆరోగ్యం, చదువు, సంపద ఇచ్చే నిలబెట్టింది. పస్తులున్నవాడితో లెక్క మొదలుపెట్టలేదు. తృప్తి గురించి ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు ఈ వరసను గమనించినట్టు కనపడరు.

కోరిక ఉండటానికీ, కోరిక దెబ్బ తగలడానికీ ఉన్న తేడాను రోజువారీ మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. పెద్ద ఇల్లు కావాలనుకోవడం తప్పు కాదు. ఆ ఇల్లు వచ్చేదాకా ఇప్పుడున్న ఇంట్లో కూర్చుని తిన్న భోజనం రుచి తెలియకపోతే మాత్రం దెబ్బ తగిలినట్టే. 2010లో కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2,250 మందిని ఫోన్ల ద్వారా గమనించినప్పుడు, మేలుకుని ఉన్న సమయంలో దాదాపు 47 శాతం వాళ్ల మనసు చేస్తున్న పని మీద లేదు. అలా మనసు ఎటో పోయినప్పుడు వాళ్లు తక్కువ సంతోషంగా ఉన్నారు, చేస్తున్న పని ఏదైనా సరే.

సోమవారం పొద్దున

ఇన్ని చెప్పుకున్నాక చేయగలిగినవి కొన్నే కనిపిస్తాయి. పుట్టుకతో వచ్చిన స్వభావాన్ని పెద్దగా మార్చలేం. కొందరు పొద్దున లేస్తూనే కూనిరాగం తీస్తారు, కొందరికి కాఫీ తాగాక కూడా మాట రాదు. డబ్బు ఖర్చు పెట్టే తీరు మాత్రం మన చేతుల్లో ఉంది. ఎలిజబెత్ డన్ బృందం 2008లో విద్యార్థుల చేతికి 5 డాలర్లో 20 డాలర్లో ఇచ్చి, సగం మందిని తమకోసం, సగం మందిని వేరేవాళ్ల కోసం ఖర్చు పెట్టమంది. సాయంత్రానికి, ఇంకొకరి కోసం పెట్టినవాళ్లే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. ఎంత పెట్టారన్నది తేడా చూపించలేదు. పండగకు ఊరెళ్తూ మేనకోడలికి గాజులు కొన్నవాళ్లకు ఇది తెలిసిందే.

నా దృష్టిలో వీటన్నిటికంటే పెద్ద నిర్ణయం ఇంటి దగ్గర జరుగుతుంది. ఎక్కడ ఉండాలన్న దగ్గర. అలోయిస్ స్టట్జర్, బ్రూనో ఫ్రే అనే స్విస్ ఆర్థికవేత్తలు జర్మనీ లెక్కలు తీసి 2008లో చూపించారు. దూరం నుంచి ఆఫీసుకు వెళ్లేవాళ్లకు దానికి బదులుగా పెద్ద ఇల్లో మంచి జీతమో ఉంటుంది కాబట్టి లెక్క సరిపోవాలి. సరిపోలేదు. ప్రయాణం ఎంత పెరిగితే జీవితం మీద తృప్తి అంత తగ్గింది. ఇల్లు కొనేటప్పుడు మనం అదనపు బెడ్‌రూమును చూస్తాం, అది కళ్లెదురుగా ఉంటుంది. చుట్టాలు వచ్చినప్పుడు తప్ప తలుపు తీయని ఆ గది కోసం రోజూ రోడ్డు మీద పోయే గంటల్ని చూడం.

రానూపోనూ మూడు గంటలు పట్టే ఇల్లు అనుకుందాం. నెలకు 22 పనిదినాలకు 66 గంటలు. ఎనిమిదేసి గంటల డ్యూటీగా మార్చితే నెలకు ఎనిమిది రోజులు పైనే, జీతం లేకుండా. అందరికీ ఎంచుకునే వీలుండదు నిజమే. అత్తమామలు ఉప్పల్‌లో, ఆవిడ ఉద్యోగం సికింద్రాబాద్‌లో, ఆయనది ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు నష్టపోవాల్సిందే. అలాంటప్పుడు ఎవరు నష్టపోతున్నారో గట్టిగా మాట్లాడుకోవడమైనా జరగాలి. సాధారణంగా ఆవిడే, మాట్లాడుకోకుండానే.

వీలున్నవాళ్లు మాత్రం బిల్డరు బ్రోచర్‌లో ‘హైటెక్ సిటీకి 25 నిమిషాలు’ అన్నదాన్ని పక్కన పెట్టండి. అది ఏ ఆదివారం తెల్లవారుజామునో చూసిన టైము. అడ్వాన్స్ చెక్కు రాసే ముందు, ఓ సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు ఆ సైటు దగ్గర్నుంచి మీ ఆఫీసు దాకా బండి నడిపి చూడండి. వీలైతే వాన పడ్డ సోమవారం.